జోబులో పట్టే కంప్యూటర్ మన ఇళ్ళకి ఎప్పుడొస్తుంది

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం ఇంటర్, డిగ్రీ పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు కూర్చున్న సభలో మాట్లాడింది. మాటలు మాటలుగానే రాశాం. ఆఖర్లో అడిగిన ప్రశ్నలు కొన్ని కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక ఫ్యాన్ అందని వాళ్ళు ముందుకి రండమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నేను ఈ ఊర్లో ఇరవై రెండేళ్ళుగా డీటీపీ షాపు నడుపుతున్నా. పెండ్లి కార్డులు, కరపత్రాలు, కోర్టు కాగితాలు, ఉద్యోగాల అప్లికేషన్లు, కాలేజీ వెబ్ ఆప్షన్లు, అన్నీ మా షాపు దాటే పోతాయి. కాబట్టి ఫోన్ల గురించి కంపెనీ వాళ్ళు స్టేజీ మీద చెప్పేది ఒకటి, మన మనుషులు ఆ ఫోన్ పట్టుకొని నా బల్ల ముందు నిలబడినప్పుడు జరిగేది ఒకటి, ఈ రెండో దాని గురించే నేను మాట్లాడగలను.

మొన్న ఒకాయన వచ్చి అడిగినాడు. "ఏమ్మా, పాప ఇంజినీరింగ్‌లో చేరుతాంది, ల్యాప్‌టాప్ కొనియ్యాలంట. మా బామ్మర్ది కువైట్ నుంచి మడిచే ఫోన్ తెస్తానంటున్నాడు. విప్పితే పుస్తకం మాదిరి అయితుందంట, అదుంటే ల్యాప్‌టాప్ అక్కర్లేదంట. నిజమేనా?" అని. ఆయన అడిగింది చాలా మంచి ప్రశ్న. లక్షన్నర పైచిలుకు డబ్బు మాట అది, పాప నాలుగేళ్ళ చదువు మాట కూడా. అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పి పంపడం నాకు ఇష్టం లేకపోయింది. అదృష్టం కొద్దీ అప్పటికే నేను ఒక మడత ఫోన్ వాడి చూసి ఉన్నా.

మా తమ్ముడు కూడా కువైట్‌లోనే. సెలవు మీద వచ్చినప్పుడు తన మడత ఫోన్ నాకిచ్చి, ఆరు వారాలు వాడుకో అక్కా అన్నాడు. ఆ ఆరు వారాలు ఇంట్లో ల్యాప్‌టాప్ మూత తియ్యకూడదని పెట్టుకున్నా. షాపు పనిలో కూడా వీలైనంత దాంట్లోనే చేశా.

ముందు బాగున్నది చెప్తా, ఎందుకంటే నిజంగా చాలా బాగుంది. చదవడానికి దాన్ని మించింది నేను చూడలేదు. నోటిఫికేషన్ పీడీఎఫ్‌లు నలభై యాభై పేజీలుంటాయి, మామూలు ఫోన్లో వాటిని పెద్దది చేసి పక్కకి జరిపి, మళ్ళీ జరిపి, ఏ లైను చదువుతున్నామో మర్చిపోతాం. ఇందులో పేజీ మొత్తం ఒక్కసారి కనపడుతుంది. నలభై ఐదు దాటిన కండ్లకి ఆ తేడా ఏందో మీలో చాలామందికి తెలుసు. ఒక పక్క క్లాసు వీడియో, ఇంకో పక్క నోట్సు పెట్టుకోవచ్చు. సగం మడిచి టేబుల్ మీద నిలబెడితే వీడియో కాల్‌కి స్టాండు అక్కర్లేదు. అదే ఫోన్ మడిస్తే బస్సులో నిలబడి ఒక చేత్తో టికెట్ డబ్బులు పంపొచ్చు. వీటిలో కొన్ని ల్యాప్‌టాప్ కూడా చేయలేనివి.

ఇక రాయడం దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోయింది. మూడు పేజీల అఫిడవిట్ ఒకటి టైపు చేయాల్సి వచ్చింది. తెర మీద కీబోర్డు తెరిచిన మరుక్షణం కింద సగం పోయింది. మిగిలిన సగంలో నాలుగైదు లైన్లు. రెండు బొటనవేళ్ళతో కొడుతుంటే షాపులో ఇరవై నిమిషాల్లో అయ్యే పని గంటంబావు పట్టింది, అదీ తప్పులతో. మీరు ఎక్కువసేపు సాధన చేయలేదు కాబట్టి అనొచ్చు ఎవరైనా. అందుకని స్కేలు పెట్టి కొలిచాను. ఈ మాట కొంచెం జాగ్రత్తగా వినండి పిల్లలూ, ఎందుకంటే ఇది అలవాటుకి సంబంధించింది కాదు, కొలతకి సంబంధించింది.

మామూలు కీబోర్డులో ఒక అక్షరం మధ్య నుంచి పక్క అక్షరం మధ్యకి దూరం సుమారు 19 మిల్లీమీటర్లు. పై వరసలో పది అక్షరాలు. అంటే అక్షరాలకే 19 సెంటీమీటర్లు కావాలి, పక్కనుండే మిగతా మీటలు వేరే. 2025 జూలైలో వచ్చిన శాంసంగ్ ఫోల్డ్ 7 తెర విప్పితే 8 అంగుళాలు. అంగుళాలు అనేది మూల నుంచి మూలకి కొలత. దాని పొడవు వైపు 15 సెంటీమీటర్లు, రెండో వైపు పదమూడున్నర. 15లో 19 పట్టదు. చేతులు మనవి, వేళ్ళు మనవి, అవి మడత పడవు. ఎన్నేళ్ళు సాధన చేసినా రెండు చేతులూ ఆనించి పది వేళ్ళతో టైపు చేయడం ఆ తెర మీద కుదరదు.

తెర కూడా లెక్క వేద్దాం. 8 అంగుళాల మడత తెర వైశాల్యం 32 చదరపు అంగుళాలు. మామూలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌ది 104. అంటే మూడోవంతు కంటే కాస్త తక్కువ. ఫోన్‌తో పోలిస్తే రెట్టింపు, ల్యాప్‌టాప్‌తో పోలిస్తే మూడోవంతు, మడత ఫోన్ ఉన్న చోటు అది. రెండు చోట్ల మడిచి, మూడు పలకలుగా విప్పేవి కూడా వచ్చాయి. 2024 సెప్టెంబర్‌లో చైనాలో హువావే తెచ్చింది, విప్పితే 10.2 అంగుళాలు. 2025 డిసెంబర్‌లో శాంసంగ్ కూడా 10 అంగుళాలది తెచ్చింది. అవి ట్యాబ్ సైజుకి వచ్చేసినట్టే, ఇంజినీరింగ్ పరంగా చూస్తే ఎంతో గొప్ప పని.

ట్యాబ్ అంటే గుర్తొచ్చింది. 2022 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చారు కదా, విప్పిన మడత ఫోన్ దాదాపు అదే సైజు. మా వీధిలో పిల్లలు పాఠాలు దాంట్లో చక్కగా చూశారు, లెక్కలు వీడియో ఆపి ఆపి చూసేవాళ్ళు. వ్యాసం రాయమంటే మాత్రం నోటుబుక్కు తీసేవాళ్ళు, ప్రాజెక్టు పని అయితే అమ్మతో కలిసి నా షాపుకి వచ్చేవాళ్ళు. నేను అప్పుడే గమనించాను, అదే సైజు తెరకి మధ్యలో మడత వచ్చినంత మాత్రాన రాత పని సులువు కాదు.

ఇప్పుడు ఆ మడత లోపల ఏముందో చెప్తా, ఎందుకంటే మన కడపలో ఇది తెలుసుకోవాల్సిన విషయం. వంద పేజీల నోటుబుక్కు తీసుకొని మధ్యకి వంచండి. పై పేజీలు సాగుతున్నట్టు, లోపలి పేజీలు నలుగుతున్నట్టు ఉంటాయి, అంచులో పేజీలు మెట్లు మెట్లుగా జారుతాయి. ఫోన్ తెర కూడా పొరలు పొరలుగానే ఉంటుంది. ప్రతి పొరా పక్క పొర మీద కొంచెం జారేటట్టు మెత్తటి జిగురుతో అతికిస్తారు, బొమ్మ వెలిగే పొరని సాగడం నలగడం రెండూ తక్కువగా ఉండే మధ్య భాగంలో పెడతారు. పైన గాజు ఉంటుంది కానీ అది మనకి తెలిసిన గాజు కాదు, తల వెంట్రుక మందం కంటే పల్చన. అంత పల్చగా ఉంటేనే గాజు వంగుతుంది. దాని మీద ప్లాస్టిక్ పొర ఒకటి వేస్తారు, అది స్క్రీన్ గార్డు కాదు, తెరలో భాగం. 2019లో శాంసంగ్ మొదటి ఫోల్డ్‌ని ఏప్రిల్‌లో అమ్మాలనుకుంది. ముందుగా పరీక్షకి ఇచ్చిన వాళ్ళలో కొందరు ఆ పొరని గార్డు అనుకొని పీకేశారు, తెరలు పోయాయి, కొన్ని మడత సందులోంచి చెత్త దూరి పోయాయి. సరిచేసి సెప్టెంబర్‌లో గానీ అమ్మలేకపోయారు.

అప్పటి నుంచి ఇప్పటికి చాలా బాగుపడింది, ఆ మాట ఒప్పుకోవాలి. మొదట్లో రెండు లక్షల మడతలు తట్టుకుంటుందని చెప్పేవాళ్ళు, ఫోల్డ్ 7 తెర ఐదు లక్షలు తట్టుకుందని చెప్పారు. రోజుకి వందసార్లు తెరిచి మూసినా పదమూడేళ్ళు దాటుతుంది. అయితే ఆ పరీక్ష 25 డిగ్రీల గదిలో చేసింది. మన మే నెల ఎట్లుంటుందో నేను చెప్పక్కర్లేదు. దుమ్ము సంగతి కూడా ఉంది. ఆ ఫోన్‌కి ఐపీ 48 అని రేటింగు ఉంటుంది. అందులో 8 అనేది నీళ్ళకి, 4 అనేది దుమ్ముకి. 4 అంటే ఒక మిల్లీమీటరు కంటే పెద్దవి లోపలికి పోవు అని అర్థం, అంతకంటే సన్నటి దానికి హామీ లేదు. ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ళు మా షాపుకి వస్తారు, వాళ్ళ చొక్కా జోబులో ఉండేది పిండి కంటే సన్నటి పొడి. ఆ పొడి కీలు సందులో చేరితే, తెర మూసిన ప్రతిసారీ మెత్తటి ప్లాస్టిక్ మీద ఉప్పుకాగితం రుద్దినట్టే. 2025లో గూగుల్ తెచ్చిన మడత ఫోన్ ఒకటి దుమ్ముకి కూడా 6 రేటింగు తెచ్చుకుంది, అది ముందడుగు. కానీ మడత ఫోన్ లోపలి తెర పోతే బాగుచేసే చోటు ఈ ఊర్లో నాకు కనపడలేదు, పెద్ద ఊరికి పంపాలి, ఆ తెరకయ్యే డబ్బుకి మంచి మామూలు ఫోన్ కొత్తది వస్తుంది.

ధర సంగతి ఒక్క మాటలో అయిపోతుంది. ఫోల్డ్ 7 మన దేశంలో లక్షా డెబ్బై నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయలకి మొదలైంది. ఆ డబ్బుకి ఒక మంచి ల్యాప్‌టాప్, ఒక మంచి ఫోన్, ఒక ప్రింటరు కొన్నా ఇంకా మిగులుతుంది.

కానీ నేను ఇంత చెప్పింది, ఫోన్ ఎప్పటికీ కంప్యూటర్ కాలేదు అనడానికి కాదు. సరిగ్గా దానికి తిరగబడిన మాట చెప్పాలని వచ్చాను.

మెదడు విషయంలో ఫోన్ ఎప్పుడో ల్యాప్‌టాప్‌ని అందుకుంది. 2020 నవంబర్‌లో ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లలో అంతకుముందు వాడుతున్న ఇంటెల్ చిప్‌లు తీసేసి, ఐఫోన్ చిప్‌ల వంశంలోదే ఒకటి పెట్టింది, ఆ ల్యాప్‌టాప్‌లు ముందువాటి కంటే వేగంగా పనిచేశాయి. ఇప్పుడు మీలో చాలామంది జోబుల్లో ఉన్న ఇరవై వేల ఫోన్, నేను షాపు తెరిచిన రోజుల్లో కొన్న కంప్యూటర్ల కంటే ఎన్నో రెట్లు శక్తి గలది. లెటరు రాయడానికి, లెక్కల షీటుకి, అప్లికేషన్ నింపడానికి, చదువుకోవడానికి ఆ శక్తి మిగిలిపోతుంది. తక్కువైంది రెండే, చేతులకి చోటు, కండ్లకి చోటు. చేతులకి చోటు ఏడెనిమిది వందల రూపాయల కీబోర్డు, మౌసు సెట్టులో ఉంది. కండ్లకి చోటు మీ ఇంట్లో గోడకి తగిలించే ఉంది. ముప్పై రెండు అంగుళాల టీవీ.

ఈ ఆలోచన నాది కాదు, పాతదే. 2011లో మోటరోలా ఏట్రిక్స్ అని ఒక ఫోన్ తెచ్చింది, దానికి ల్యాప్‌టాప్ ఆకారంలో ఒట్టి తెర, కీబోర్డు మాత్రమే ఉన్న డొల్ల ఇచ్చి, ఫోన్‌ని వెనక తగిలిస్తే కంప్యూటర్ అయ్యేటట్టు చేసింది. అప్పటికి ఫోన్ శక్తి చాలలేదు. 2015లో మైక్రోసాఫ్ట్ లూమియా ఫోన్లతో ఇంకోసారి చేసి చూసింది. 2017లో శాంసంగ్ డెక్స్ అనే పేరుతో ఎస్ 8 ఫోన్‌లో పెట్టింది, అది ఇప్పటికీ నడుస్తోంది. టీవీకి తీగ తగిలిస్తే కింద బార్, కిటికీలు కిటికీలుగా తెరుచుకునే యాప్‌లు, మౌసు బాణం, మొత్తం కంప్యూటర్ మాదిరే. 2025లో గూగుల్ కూడా ఆండ్రాయిడ్‌లోనే ఈ పద్ధతి పెడుతున్నామని, శాంసంగ్‌తో కలిసి పనిచేస్తున్నామని ప్రకటించింది.

తమ్ముడి ఫోన్‌తో నాకు నిజంగా ల్యాప్‌టాప్ అక్కర్లేదు అనిపించిన రోజులు ఏవంటే, దాన్ని మడిచి టీవీకి తగిలించిన రోజులు. చూడండి, మడిచి. విప్పలేదు. ఆ ఆరు వారాల్లో చివరి రెండు వారాలు ఇంటి లెక్కలు, మా అబ్బాయి కాలేజీ ప్రాజెక్టు, రెండు రెజ్యూమేలు అన్నీ టీవీ ముందు కూర్చొని కీబోర్డు మీద చేశాం. దూరం ఎక్కువైతే అక్షరం సరిగ్గా కనపడదు, టేబుల్ దగ్గరికి జరుపుకోవాలి. కరెంటు పోతే టీవీ ఆగిపోతుంది, ల్యాప్‌టాప్ అయితే దాని బ్యాటరీ మీద నడిచేది, అది పెద్ద లోటే. రాత్రి ఏడు గంటలకి మా అత్తమ్మకి సీరియల్ కావాలి, అప్పుడు పని ఆపాలి. ఇన్ని ఉన్నా పని జరిగింది.

మరి అందరి ఫోన్లకీ ఎందుకు రాదు అంటే, ఇక్కడే నా బాధ ఉంది. ఛార్జరు పెట్టే టైప్ సి రంధ్రం అన్ని ఫోన్లకీ ఒకే ఆకారం. లోపలి తీగలు మాత్రం ఒకటి కాదు. చవక ఫోన్లలో చాలావాటికి లోపల పాత యూఎస్‌బీ 2 తీగలే ఉంటాయి, వాటిలోంచి ఛార్జింగ్ పోతుంది, ఫైళ్ళు పోతాయి, బొమ్మ బయటికి రాదు. బొమ్మ రావాలంటే డిస్‌ప్లే పోర్టు అనే ఏర్పాటు ఆ రంధ్రం వెనక ఉండాలి. ఖరీదైన ఫోన్లలో ఉంటుంది, పాతిక ముప్పై వేల ఫోన్లలో కొన్నింటికి ఉంటుంది. పది పదిహేను వేల ఫోన్లలో ఆ సౌకర్యం నాకు కనపడలేదు. ల్యాప్‌టాప్ కొనలేని ఇంట్లో ఉండే ఫోన్ ఏదైతే ఉందో, అదే ఆ ఫోన్. ల్యాప్‌టాప్ కొనగలిగిన వాళ్ళ ఫోన్‌లోనేమో ల్యాప్‌టాప్ అయ్యే గుణం పెట్టారు. ఇది తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. నాలుగు కెమెరాలు పెట్టే బదులు రెండు పెట్టి, ఆ డబ్బు ఈ తీగకి పెట్టొచ్చు కదా అని నేను కంపెనీ మనుషులు ఎవరు కనపడినా అడుగుతుంటా.

జోబులో పట్టే కంప్యూటర్ పేదవాళ్ళ కోసం కూడా చేయాలని ఆలోచించిన వాళ్ళు మనకి దగ్గర్లోనే ఉండినారు. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ సంస్థ ఇంజినీర్లు కలిసి 2001 ప్రాంతంలోనే సింప్యూటర్ అని చేతిలో పట్టే యంత్రం చేశారు. యంత్రం ఊరికి ఒకటున్నా చాలు, ఎవరి స్మార్ట్ కార్డు వాళ్ళు పెట్టుకుంటే ఎవరి లెక్కలు వాళ్ళవి కనపడేటట్టు, చదువు రాని వాళ్ళకి మన భాషల్లో పైకి చదివి వినిపించేటట్టు ఆలోచించారు. 2004లో దాన్ని అమిడా పేరుతో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసింది. వ్యాపారంగా నిలబడలేదు. కానీ వాళ్ళు మొదలుపెట్టిన చోటు నాకు నచ్చుతుంది, ఎవరు వాడతారు, వాళ్ళకేం కావాలి అని మొదలుపెట్టారు. అంతకుముందు బయట దేశాల్లో 1996లో నోకియా కమ్యూనికేటర్, 1997లో సయాన్ సిరీస్ 5, రెండూ మడిచేవే, తెరిస్తే నిజమైన కీబోర్డు ఉండేది. అంటే అప్పట్లో మడత కీబోర్డు కోసం, ఇప్పుడు మడత తెర కోసం. సినిమాలు చూడటం ఎక్కువైంది, రాయడం తక్కువైంది, మడత కూడా అటే పోయింది.

ఇంకొక్క విషయం చెప్పి ప్రశ్నలకి వస్తా. ల్యాప్‌టాప్ అంటే తెర, కీబోర్డు మాత్రమే కాదు, మన ఊర్లో నడిచే పనులు చాలావరకు విండోస్ మీద కట్టుకొని ఉన్నాయి. ప్రొద్దుటూరులో బట్టల షాపు అయినా బంగారం షాపు అయినా లెక్కలు ట్యాలీలో. నా షాపులో పెండ్లి కార్డు అంటే అను ఫాంట్లు. ఆ ఫైలు ఫోన్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థం కాని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్, అంటే ఏ యంత్రంలో తెరిచినా తెలుగు తెలుగుగానే కనపడే ఇప్పటి పద్ధతి, వాడకంలోకి రాకముందు కాలపుది. కంప్యూటర్‌కి గుచ్చే డిజిటల్ సంతకం డాంగిల్ కూడా చాలావరకు కంప్యూటర్ మీదే పనిచేస్తుంది. వేలిముద్ర యంత్రం మాత్రం ఫోన్‌కి తగిలించినా పనిచేస్తోంది, ఎవరో శ్రద్ధగా చేశారు కాబట్టి. మిగతావి కూడా చేస్తే అవుతాయి అనడానికి అదే సాక్ష్యం.

అప్లికేషన్లు చూడండి. ఫొటో 50 కేబీ లోపు ఉండాలి, సంతకం 20 కేబీ లోపు ఉండాలి. ల్యాప్‌టాప్‌లో అది ఒక నిమిషం పని. ఫోన్‌లో దానికొక యాప్, ఆ యాప్‌లో అర నిమిషం ప్రకటన, తగ్గించిన ఫొటో ఏ ఫోల్డరులో పడిందో తెలియదు, వెతికేలోపు సైటు లాగౌట్ చేస్తుంది. ఆఖరి రోజు రాత్రి తొమ్మిదింటికి ఆ టెన్షన్‌తో కండ్లనీళ్ళు పెట్టుకొని నా షాపుకి వచ్చిన పిల్లలు ఎంతమందో. వాళ్ళ ఫోన్ శక్తి తక్కువై కాదు. ఫైలు పెట్టిన చోట దొరకడం, పక్కపక్కన రెండు పనులు కనపడటం, ఇవి లేక. మడత తెర పక్కపక్కన కనపడటం అనేది కొంత తీరుస్తుంది, ఫైలు వెతుకులాట తీర్చదు.

ఆ పాప నాన్నకి నేను ఏం చెప్పానంటే, అన్నా, మడత ఫోన్ మీ బామ్మర్ది వాడుకోనీ, పాపకి ల్యాప్‌టాప్ తీసియ్యి అని. కాలేజీ ల్యాబులో సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఫోన్ మీద నడవవు. ఇంకా ఐదారేళ్ళకి ఇదే ప్రశ్న వేరే నాన్న వచ్చి అడిగితే నా సమాధానం వేరేగా ఉండాలని మాత్రం గట్టిగా కోరుకుంటున్నా.

ఇంక అడగండి.

(డిగ్రీ రెండో సంవత్సరం అబ్బాయి: నేను పైథాన్ నేర్చుకుంటున్నా మేడం, ఫోన్‌లోనే చేస్తున్నా. ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేదు. ఆపేయాలా?)

ఆపొద్దు నాన్నా, అస్సలు ఆపొద్దు. మొదటి పాఠాలకి ఫోన్ చాలు, ప్రోగ్రాం అక్కడ కూడా నిజంగానే నడుస్తుంది. ఓటీజీ తీగ, అంటే ఫోన్ రంధ్రానికి కీబోర్డు లాంటివి కలిపే చిన్న తీగ ఒకటి, మామూలు కీబోర్డు ఒకటి తగిలించు, చవక ఫోన్లలో చాలావాటికి కూడా కీబోర్డు పనిచేస్తుంది, బొమ్మ బయటికి రాకపోయినా. తెర చిన్నదైనా నీ చేతులకి చోటు దొరుకుతుంది. డబ్బు కూడితే ఆఫీసులు వాడి అమ్మేసిన పాత ల్యాప్‌టాప్ చూడు, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉండేది. కొనేముందు ప్రతి మీటా నొక్కి చూడు, ఛార్జరు పీకేసి అరగంట నడిపి చూడు.

(బ్యాంకులో పనిచేసే ఆయన: నాకు ఆఫీసులో కంప్యూటర్ ఉంది, ఇంట్లో చదవడం, మెయిల్ చూసుకోవడం తప్ప పని లేదు. నాలాంటి వాడికి మడత ఫోన్ సరిపోదా?)

సరిపోతుంది సార్. మీ విషయంలో ఇంట్లో ల్యాప్‌టాప్ మూతపడే ఉంటుంది, దాని అవసరం మడత ఫోన్ తప్పకుండా తీరుస్తుంది. మెయిల్ రెండు లైన్లు రాయడానికి బొటనవేళ్ళు చాలు. జేబు తట్టుకుంటే కొనండి, దుమ్ములో జాగ్రత్త, పైపొర మాత్రం పీకొద్దు, గోరుతో కూడా గీకొద్దు.

(ఒక అమ్మ: మా వాడు ఫోన్ టీవీకి పెట్టి సినిమాలే చూస్తాడేమో కదమ్మా?)

చూస్తాడమ్మా, ల్యాప్‌టాప్ కొనిచ్చినా చూస్తాడు. టీవీ అయితే హాల్లో అందరి ముందర ఉంటుంది, ఏం చేస్తున్నాడో మీకు కనపడుతుంది. నాకు ఆ పద్ధతే నచ్చింది, మా అబ్బాయి ప్రాజెక్టు వాళ్ళ నాన్న కూడా కూర్చొని చూశాడు.

(వెనక వరస నుంచి ఒకాయన: మా ఫోన్‌కి ఆ టీవీ సౌకర్యం ఉందో లేదో ఎట్ల తెలిసేది?)

ఫోన్ వివరాల్లో యూఎస్‌బీ అని ఉన్న చోట చూడండి. 2.0 అని ఉంటే దాదాపు లేనట్టే. 3 అంకెతో మొదలై, డిస్‌ప్లే పోర్టు అని పక్కన రాసుంటే ఉన్నట్టు. కొత్త ఫోన్ కొనేటప్పుడు షాపు ఆయన్ని కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని అడిగే ముందు ఈ మాట అడగండి, పదిమంది అడిగితే పదకొండో మనిషికి ఆయనే ముందు చెప్తాడు. ఇవేవీ అర్థం కాకపోతే ఫోన్ తీసుకొని నా షాపుకి రండన్నా. టైప్ సి నుంచి టీవీకి పోయే తీగ నా దగ్గర ఉంది, తగిలించి చూద్దాం. పదకొండు దాటినాక రండి, పొద్దున్నే కోర్టు కాగితాల వాళ్ళు ఉంటారు.